బొటనవేలికి అన్నప్రాసన

నెల్లూరు సముద్రతీరంలో ఆకలి లేదు. ఇది నా మాట కాదు, ఈ-పాస్ మిషన్ మాట. నెలనెలా రేషన్ కొట్లు మూసే వేళకి ఆ మిషన్లన్నీ కలిసి పైకి ఒక లెక్క పంపిస్తాయి. ఇన్ని కార్డులు, ఇన్ని వేలిముద్రలు, ఇన్ని టన్నులు. ఆ లెక్క ప్రకారం ముద్ర పడిన ప్రతి వేలూ అన్నం తిన్నట్టే. వేలికి కడుపుంటుందా అని అడిగే అధికారి ఇంతవరకు పుట్టలేదు. పుట్టినా పౌరసరఫరాల శాఖలో వెయ్యరు.

పథకం ఎంత బాగా పనిచేస్తోందో తెలుసుకోవాలంటే తిన్నవాడిని అడగాలని పాతకాలపు మనుషులు అనుకునేవారు. ఇప్పుడు ఆ శ్రమ లేదు. శాతం ఉంది. తొంభై దాటితే కలెక్టరేట్‌లో అభినందన, తగ్గితే డీలరుకి నోటీసు. ఆ బియ్యం ఏ కుండలో ఉడికాయో, అసలు ఉడికాయో లేదో చెప్పే గడి ఆ మిషన్‌లో లేదు. పెట్టలేక కాదు, పెడితే ఏం బయటపడుతుందో అందరికీ తెలుసు గనక.

సరే, వేలి దగ్గరికే వద్దాం. ఇస్కపల్లిలో ఉప్పు లాగే చేతులు, జువ్వలదిన్నెలో వల తాళ్లు లాగే చేతులు, రొయ్యల కంపెనీల్లో ఐసునీళ్లలో నిలబడి పొద్దస్తమానం తలలు తుంచే చేతులు. వీటికి గీతలు మిగలవు. పనిచేసే చేతికి ముద్ర పడదు, పని చెయ్యని చేతికి ఒక్క ఒత్తుడుకే పడుతుంది. శ్రమజీవిని గుర్తించకూడదని ఇంత కచ్చితంగా తెలిసిన యంత్రం ఇంకోటి లేదు. తీరం వెంట ఏ కొట్టు ముందు నిలబడినా ఈ సంభాషణ వినిపిస్తుంది:

“అవ్వా, ఇంకోసారి పెట్టు.”

“పెడతానే ఉండా గదబ్బయా.”

“గట్టిగా ఒత్తు.”

“ఇంకెంత ఒత్తేది? వేలిక్కడే ఇడిసిపెట్టి పోతాలే, పడ్డప్పుడు బియ్యం పంపీ.”

వేలు పడకపోతే కన్ను చూపించమంటారు. కంట్లో శుక్లం ఉంటే అదీ పడదు. అప్పుడు సర్వర్ బిజీ అంటారు. శ్రీహరికోట ఈ తీరంలోనే ఉంది. 2023 జూలై 14న అక్కణ్ణుంచి లేచిన చంద్రయాన్-3 పోయి పోయి చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగింది. అంత దూరాన ఏ గుంట ఎక్కడుందో కనిపెట్టిన దేశానికి అవ్వ బొటనవేలి మీద గీత మాత్రం కనబడ్డం లేదు.

ఇక ధర సంగతి. 1982 చివర్లో, ఎన్నికల ముందు, ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలకు బియ్యం అన్నారు. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి రూపాయి తొంభై పైసలకే మొదలుపెట్టేశారు. పది పైసలు తక్కువకొచ్చినా జనం రెండు రూపాయలకే ఓటేశారు. ఆంధ్ర ఓటరుకు బేరమాడటం రాదని ఎవరంటారు? వస్తువును చూసి కాదు, అమ్మేవాణ్ని చూసి కొన్నారు, అంతే. 1983లో పథకం వచ్చింది. 1996లో మూడున్నర అయింది, తర్వాత అయిదు దాటింది. 2008లో వైఎస్ మళ్లీ రెండుకు దించారు. 2011 నవంబరులో కిరణ్‌కుమార్‌రెడ్డి రూపాయికి దించారు. 2023 జనవరి నుంచి కేంద్రం సున్నా చేసింది. నలభై ఏళ్లలో ధర రెండు రూపాయల దగ్గర బయల్దేరి, కొండెక్కి దిగి, సున్నా దగ్గర కూలబడింది. ఇక దించడానికి చోటు లేదు. వచ్చే ఎన్నికలకి తిన్నందుకు కిలోకి రెండు రూపాయలు ఎదురిస్తామని ఎవరో ఒకరు అనకపోతే చూడండి.

ఈ రెండు రూపాయల బియ్యం కథలో నెల్లూరు జిల్లాకి ప్రత్యేకమైన అధ్యాయం ఒకటుంది, దాన్ని పౌరసరఫరాల శాఖ వాళ్లు చదవరు, ఎక్సైజు శాఖలో ఉంటుంది గనక. ఒక చేత్తో చవక బియ్యం ఇచ్చిన ఆ ప్రభుత్వమే ఇంకో చేత్తో వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరికీ పారించింది. బియ్యంలో పోయిన డబ్బు సారాలో వచ్చేది. ఇంటావిడ బియ్యంలో మిగిల్చింది ఇంటాయన సారాలో పోసేవాడు. ఖజానాకి ఇంతకన్నా నిఖార్సైన జమాఖర్చు ఎక్కడ దొరుకుతుంది? ఆ లెక్కలోని గుట్టు ఐఏఎస్‌లకి కాదు, అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న దూబగుంట ఆడవాళ్లకి తెలిసింది. అక్షరదీపం రాత్రి బడిలో చదివిన పాఠం పట్టుకుని వాళ్లలో ఒకరైన రోశమ్మా, ఆమె వెంట ఊరూ సారా కొట్టు మీదికెళ్లారు. 1992లో జిల్లా అంతా రగిలింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. అప్పుడు ముఖ్యమంత్రి ఎవరనుకున్నారు? రూపాయి తొంభై పైసల కోట్లవారే, రెండోసారి.

ఆ తర్వాత 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఖజానా నీరసపడింది. 1996లో బియ్యం ధర పెరిగింది, 1997లో నిషేధం పోయింది. సీసా మూస్తే పళ్లెం ఖరీదెక్కుతుంది, సీసా తెరిస్తే పళ్లెం చవకవుతుంది. ఈ సూత్రాన్ని ఏ ఆర్థికశాస్త్ర గ్రంథంలోనూ రాయలేదు గానీ మన రాష్ట్రంలో ఏ పార్టీ వచ్చినా తప్పలేదు.

ఇప్పటి లెక్క కూడా చూద్దాం. నలుగురున్న ఇంటికి మనిషికి అయిదు కిలోల చొప్పున ఇరవై కిలోలు వస్తాయి. వీధిలోకొచ్చే వ్యాపారి కిలో పదికి కొంటాడనుకుందాం. చేతికి రెండు వందలు. 2024 అక్టోబరు నాటి మద్యం విధానం పుణ్యమా అని క్వార్టరు తొంభై తొమ్మిదికే దొరుకుతోంది. రెండు క్వార్టర్లకి నూట తొంభై ఎనిమిది. మిగిలేవి రెండు రూపాయలు. ఎన్టీఆర్ గారి పథకం ఆనవాలు ఇక ఆ చిల్లరలోనే ఉంది.

ఇక్కడ పెద్దమనుషులు లేచి “చూశారా, అలాగే తగలేస్తారు, ఊరికే ఇస్తే ఇంతే” అంటారు. కూర్చోండి, మీ వంతు కూడా వస్తుంది. ముందు ఆ బియ్యం ఎందుకమ్ముతున్నారో చూడండి.

నెల్లూరు మొలగొలుకులు పండించిన నేల. ఆ రోజులు పోయినా, సన్నబియ్యం రుచి జిల్లా నాలుక మీంచి పోలేదు. ఇక్కడి వరి పరిశోధన కేంద్రం తీసిన ఎన్‌ఎల్‌ఆర్ 34449 నెల్లూరు మసూరి పేరుతో ఎక్కడెక్కడో పండుతోంది. పెన్నా డెల్టాలో ఆ మసూరి కోసేది ఎవరు? స్టోరు బియ్యం కార్డున్న కూలీలు. వాళ్లు కోసిన సన్నాలు మద్రాసు బజారుకు వెళతాయి, వాళ్ల ఇంటికి గోతాంలో లావు బియ్యం వస్తాయి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్లో సన్నబియ్యమే ఇస్తున్నారు. మన దగ్గర అదే ఏడాది జూన్ నుంచి బడిపిల్లలకీ హాస్టళ్లకీ ఇస్తున్నారు. మంచిదే. బిడ్డ బడిలో సన్నన్నం తిని ఇంటికొచ్చి అమ్మ కంచం చూసి అడగబోయే ప్రశ్నకు జవాబు మాత్రం ఏ జీవోలోనూ లేదు.

అందుకని స్టోరు బియ్యం కొందరిళ్లలో దోసెల పిండికి పోతాయి, కొందరిళ్లలో కోళ్లకు పోతాయి, చాలా ఇళ్లలో వ్యాపారి మోపెడ్ మీదకి పోతాయి. ప్రభుత్వానికి కిలో నలభై రూపాయల దాకా పడే సరుకు పది రూపాయలకు చేతులు మారుతుంది. దాంతో ఆ బియ్యానికి అసలు జీవితం మొదలవుతుంది. మిల్లుకెళ్లి మెరుగు పెట్టుకుని, కొత్త గోతాం తొడుక్కుని, పెళ్లికూతురిలా మళ్లీ ప్రభుత్వ గోదాముకే వచ్చే అదృష్టం కొన్నిటిది. ఆ బియ్యాన్నే సర్కారు రెండోసారి కొని, రెండోసారి పేదవాడికిచ్చి, రెండోసారి శాతం వేసుకుంటుంది. ఒక్క గింజ ఎంతమంది ఆకలి తీర్చినట్టు లెక్కల్లో ఎక్కిందో ఆ గింజకే తెలియాలి.

ఇంకొన్ని ఓడెక్కుతాయి. 2024 నవంబరు 29న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కాకినాడ రేవుకు వెళ్లి “సీజ్ ద షిప్” అన్నది రాష్ట్రమంతా చూసింది. పడవ మీద ఆయన, ముందు స్టెల్లా ఎల్ అనే పనామా జెండా ఓడ, అందులో పశ్చిమ ఆఫ్రికాకి బయల్దేరిన మన రేషన్ బియ్యం. సినిమా కన్నా బాగుంది. కొద్ది వారాల తర్వాత ఆ ఓడ తన దారిన తాను వెళ్లిపోయింది, డైలాగ్ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఇస్కపల్లి అవ్వ జిల్లా దాటాలంటే బస్సు టికెట్ చూసుకోవాలి. ఆమె పేరు మీద దించిన బియ్యానికి ఆఫ్రికా యోగం!

ఇంత తిరిగినా మిగిలిపోయినవి కార్లు తాగుతాయి. నేనేం ఎగతాళి చెయ్యడం లేదు. ఆహార సంస్థ గోదాముల్లో బియ్యం పేరుకుపోతే 2025లో క్వింటాలు 2,250 రూపాయలకు, పెట్రోల్లో కలిపే ఇథనాల్ చేసే ఫ్యాక్టరీలకు ఇచ్చారు. కిలో ఇరవై రెండున్నర. పెట్రోలు బంకులో కారు వేలిముద్ర వెయ్యక్కర్లేదు, ఈ-కేవైసీ చేయించుకోనక్కర్లేదు, సర్వర్ కోసం నిలబడనక్కర్లేదు. ట్యాంకు మూత తీస్తే చాలు.

మరి తినని బియ్యానికి కార్డెందుకు అంటే, ఆ కార్డు తిండి కోసం కాదు గనక. అది పేదరికానికి పట్టాదారు పాసు పుస్తకం. ఆసుపత్రికెళితే ఉచిత వైద్యానికి కార్డు, పింఛనుకి కార్డు, పిల్లాడి ఫీజుకి కార్డు. కార్డు పోతే బియ్యం పోతాయని ఎవరూ భయపడరు, గుండె ఆపరేషన్ పోతుందని భయపడతారు. ఆ కార్డు నిలవాలంటే పల్లెలో నెలకు పదివేలకన్నా తక్కువ రావాలి. మాగాణి మూడెకరాలు దాటకూడదు. కరెంటు మూడు వందల యూనిట్లు దాటకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఇలాంటివే ఇంకొన్ని. ఆరు అంచెల పరీక్ష అంటారు దీన్ని. పేదవాడు ఇన్ని మెట్లు దిగి తన పేదరికాన్ని నిరూపించుకుంటే నెలకు అయిదు కిలోలు. ఇంత కష్టపడి గ్రూప్-2కి చదివితే ఉద్యోగమే వచ్చేది.

ఆ కార్డు మీద బొమ్మల చరిత్ర వేరే ఉంది గానీ దాన్ని వదిలేద్దాం. 2025 ఆగస్టు నుంచి ఏటీఎం కార్డంత స్మార్ట్ కార్డులిస్తున్నారు, క్యూఆర్ కోడ్‌తో, నాయకుల మొహాల్లేకుండా. ఇది మెచ్చుకోదగ్గ సంగతే. అంతకుముందు 2021 జనవరిలో 9,260 బండ్లు దించారు, రేషన్ ఇంటి ముందుకే అన్నారు. బండి ఇంటి ముందుకు కాక వీధి మొగలో ఆగేది. ఆ బండి రంగు మీద తగువు ఎన్నికల సంఘం దగ్గరికీ, హైకోర్టు దాకానూ వెళ్లింది. బియ్యం రంగు మీద ఎవరూ ఏ కోర్టుకూ వెళ్లలేదు. 2025 జూన్ 1న బండ్లు పోయి మళ్లీ కొట్లు వచ్చాయి. ఒకటో తేదీ నుంచి పదిహేను దాకా, పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. అరవై అయిదు దాటినవాళ్లకూ, దివ్యాంగులకూ ఇంటికే. ఆధార్‌లో మన ముసలివాళ్లు చాలామంది జనవరి ఒకటినే పుట్టారు. ఏ సంవత్సరం పుట్టారన్నది ఆ రోజు ఆపరేటరు మూడ్‌ని బట్టి తేలింది. కాబట్టి బియ్యం ఎవరింటికి నడిచొస్తాయి, ఎవరు బియ్యం దగ్గరికి నడిచెళ్లాలన్నది కూడా ఆయన పెట్టిన ముహూర్తమే.

ఈ పదిహేనో తేదీతో ఇంకో తమాషా ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. చేప గుడ్లు పెట్టుకునే కాలమని పడవలు ఒడ్డుకెక్కిస్తారు. మత్స్యకారుడు ఇంటికొచ్చే రోజు, ఆకలి గట్టిగా మొదలయ్యే రోజు, ఏప్రిల్ 15. రేషన్ కొట్టు మూసే రోజూ అదే. చేపకు రెండు నెలల రక్షణ, మత్స్యకారుడికి ఒక్క రోజు గడువు. పక్షపాతం అనడానికి లేదు. చేప ఎప్పుడూ మిషన్ మీద వేలు పెట్టి విసిగించలేదు.

వేట నిషేధ భృతి 2019 దాకా నాలుగు వేలుండేది, తర్వాత పది అయింది, 2025లో ఇరవై. పెరిగింది, కాదనను. అదీ, ఈ బియ్యం కలిసి చాలా ఇళ్లను నిలబెట్టాయి. 2020లో లాక్‌డౌన్ పడి పడవ కదలక, కూలి లేక కూర్చున్న నెలల్లో ఈ లావు బియ్యమే ఉడికాయి, ఎవరూ వంక పెట్టలేదు. పథకాన్నే ఎత్తేయమనేవాళ్లు ఆ నెలల్లో ఎవరింట్లో ఏం తింటూ కూర్చున్నారో ఒక్కసారి గుర్తు చేసుకుంటే బాగుంటుంది.

పెద్దమనుషులారా, మీ వంతు వచ్చింది. “బియ్యం ఊరికే ఇచ్చి కూలీల్ని సోమరులు చేశారు, పనికి మనిషి దొరకడం లేదు” అని నెల్లూరు హోటళ్లలో చేపల పులుసు కలుపుకుంటూ అనే మాట నాకు బాగా పరిచయం. అనేవారికి తరచుగా రొయ్యల గుంటలుంటాయి. ఆ గుంటలో తిరిగే ఏరేటర్‌కి ఆక్వా జోన్‌లో కరెంటు యూనిట్ రూపాయిన్నర. పక్క చేలో మోటారుకు 2004 నుంచి ఉచితం. రొయ్యకు రాయితీ ఇస్తే రొయ్య సోమరి కాలేదు, పైగా అమెరికా వెళ్లింది. రైతుకు ఉచితమిస్తే ప్రోత్సాహం. కూలికి అయిదు కిలోలిస్తే దేశం పాడైపోయింది. అసలు మాట చెప్పొచ్చుగా? ఇంట్లో పది రోజుల బియ్యం ఉన్న కూలి మీరు చెప్పిన రేటుకు వెంటనే రాడు. అదీ మీ బాధ. ఈ పథకం నిజంగా చేసిన మేలు అదొక్కటేనేమో, దాన్ని మాత్రం ఏ ప్రభుత్వమూ ప్రకటనల్లో వేసుకోదు.

ఇంతకీ కడుపు సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత, అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. బియ్యం తక్కువై కాదు ఇది. బియ్యం తప్ప ఇంకేమీ లేక. కందిపప్పు ఒక నెల వస్తుంది, మూడు నెలలు “స్టాకు రాలేదమ్మా” వస్తుంది. 2013 ఉగాదికి అమ్మహస్తం అని 185 రూపాయలకు తొమ్మిది సరుకుల సంచి ఇచ్చారు. పప్పు, నూనె, చింతపండు, కారం, అన్నీ ఉన్న సంచి. తొమ్మిదిలో వంటకు పనికొచ్చేవి ఎన్ని అన్న చర్చ తెగకుండానే సంచి మాయమైంది. రొయ్యలు ఒలిచే అమ్మాయి చేతుల మీదుగా రోజుకు ఎంత మాంసకృత్తి దాటిపోతుందో, ఆమె కంచంలోకి ఎంత వస్తుందో ఎవరైనా తూకం వేస్తే బాగుండు.

దీనికి ప్రభుత్వం కనిపెట్టిన మందు బలవర్ధక బియ్యం. నూరు గింజలకొక గింజ, ఇనుమూ ఫోలిక్ ఆమ్లమూ బి12 కలిపి యంత్రంలో పోసిన గింజ. అది కాస్త పచ్చగా, కాస్త తేడాగా ఉంటుంది. ఎందుకు కలిపారో చెప్పిన నాథుడు లేడు. ఆడవాళ్లు చేటలో పోసుకుని “ప్లాస్టిక్ బియ్యం” అని ఒక్కొక్కటే ఏరి పారేశారు. ఢిల్లీ నుంచి వచ్చిన ఇనుము అట్లా పెరటి కోడికి చేరింది. రక్తహీనత తగ్గిన జీవి ఈ తీరంలో ఏదైనా ఉంటే అది మా కోడిపెట్ట.

చివరగా, ఏ లెక్కలోకీ రానివాళ్లున్నారు. రాష్ట్రంలో యానాదులు ఎక్కువగా ఉన్నది నెల్లూరు సీమలోనే. కాలవ గట్ల మీద, గుంటల కాపలా పాకల్లో, ఊరి చివర. శ్రీహరికోటలో తరతరాలుగా ఉన్నవాళ్లను రాకెట్ల కోసం లేపేశారు. ఎవరైనా వాళ్ల దగ్గరికెళ్లి బియ్యం కార్డుందా అని అడిగితే ఆధార్ లేదంటారు. ఆధార్ ఎందుకు లేదంటే పుట్టిన కాగితం లేదు. పుట్టిన కాగితం ఎందుకు లేదంటే పాకలో పుట్టారు. చిరునామా? గుంట యజమాని మారితే చిరునామా మారుతుంది. అప్పుడప్పుడు ఒక కలెక్టరుగారు శిబిరం పెట్టిస్తారు, కొందరికి కార్డులొస్తాయి, ఫొటోలొస్తాయి, బదిలీ వస్తుంది. అయిదు కిలోల బియ్యం ఎవరికి అందరికన్నా ముందు కావాలో వాళ్లకి అందరికన్నా చివర. వేలి గీతలు బాగానే ఉన్నాయి, వేలు మోసే మనిషే రికార్డుల్లో లేడు.

అయినా వాళ్లు వరి తిన్నారు. కోత అయ్యాక చేల గట్లు తవ్వి, ఎలుకలు బొరియల్లో దాచుకున్న వెన్నులు తీసి దంచుకోవడం యానాదులకు పాత విద్య. నాకు తెలిసినంతలో ఈ తీరంలో సక్రమంగా నడిచిన చౌకధరల దుకాణం ఎలుకదే. అది పదహారో తేదీన కూడా తెరిచి ఉంటుంది, తూకంలో కొట్టదు, సన్నమా లావా అన్న తేడా లేకుండా చేలో ఏముంటే అదే ఇస్తుంది, ఆధార్ అడగదు. బొరియకొక ఈ-పాస్ మిషన్ బిగించాలన్న ఆలోచన ఇంకా ఎవరికీ రాలేదు. ఇది చదివి వస్తుందేమో, టెండర్లు కూడా పిలుస్తారేమో.